కోడలి జర్మన్ చదువు

శివమ్మ కోడలు జర్మన్ చదువుతున్నదని తెలిసినప్పుడు ఊళ్లో ఆడవాళ్లకు ముందుగా గుర్తొచ్చినవి గిన్నెలు.

"జర్మన్ గిన్నెలు తెలుసు, జర్మన్ తపేలాలు తెలుసు. జర్మన్ సదువేందే శివమ్మా?" అని నల్లా దగ్గర భాగ్యమ్మ అడిగితే బిందెలు పట్టుకున్నవాళ్లంతా నవ్వారు. శివమ్మ కూడా నవ్వింది. ఆమెకు మాత్రం ఏం తెలుసు? అల్యూమినియం గిన్నెలకు ఆ పేరెందుకు వచ్చిందో తెలియనట్టే, కోడలికి ఆ భాష మీద మనసెందుకు పడిందో కూడా ఆమెకు అప్పుడు తెలియదు.

వాళ్లది శంషాబాద్‌కు ఆనుకొని ఉన్న పల్లె. ఒకప్పుడు జొన్నలూ టమాటాలూ పండిన చేన్ల మీద ఇప్పుడు విమానాలు దిగుతాయి. శివమ్మ భర్త చాలా ఏళ్ల కిందటే పోయాడు. ఒక్కగానొక్క కొడుకు గోవర్ధన్. విమానం దిగినవాళ్లను పట్నంలో దింపివచ్చే కారు నడిపేవాడు. స్వర్ణలత విమానాశ్రయం లోపల ముత్యాల దండలు అమ్మే దుకాణంలో పనిచేసేది. అక్కడే ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు, పెళ్లయింది.

ఆ దుకాణంలో ఒకనాడు ఒక జర్మన్ ముసలామె దండ మెడలో వేసుకొని అద్దం ముందు నిలబడి, పక్కనున్న మొగుణ్ణి ఏదో అడిగిందట. ఆయన బదులు చెప్పాడట. ఒక్క ముక్క అర్థం కాకపోయినా స్వర్ణలత చేతిలో పని వదిలేసి విన్నది.

"గరుకుగ ఉంటది అత్తమ్మా ఆ భాష. అయినా వాళ్లిద్దరు మాట్లాడుకుంటుంటే జోల పాడినట్టే ఉండె," అని ఆమె తర్వాత ఎన్నోసార్లు చెప్పింది.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు గోవర్ధన్ అన్నం తింటూ మెల్లగా మాట కదిపాడు.

"అమ్మా, స్వర్ణ యూనివర్సిటీ పరీక్ష రాసింది. సీటొచ్చింది."

"ఏం సదువురా?"

"జర్మన్. వాళ్ల భాష, వాళ్ల కథలు, వాళ్ల ఆచారాలు, అన్నీ చెప్తరట."

"వాళ్ల ఆచారాలు మనకెందుకు? మన ఆచారాలు చేసుడుకే నడుము విరుగుతున్నది."

గోవర్ధన్ పడీ పడీ నవ్వాడు. అతను నవ్వితే శివమ్మకు కాదనడం చేతకాదు. అట్లా స్వర్ణలత చదువు మొదలైంది.

యూనివర్సిటీ పట్నానికి అవతలి కొసన ఉంది. పొద్దున్నే గోవర్ధన్ ఆమెను కారులో ఆరాంఘర్ చౌరస్తా దాకా తీసుకుపోయి బస్సెక్కించేవాడు. తరగతిలో పిల్లలంతా పట్నంవాళ్లు. ఇంగ్లీషులో కలలు కనేవాళ్లు. కొందరు అప్పటికే జర్మనీ చూసివచ్చినవాళ్లు. తెలుగు మీడియంలో చదివిన స్వర్ణలతకు రాత బాగానే వచ్చేది, నోరు మాత్రం పెగిలేది కాదు. మేడం ఏదైనా అడిగితే జవాబు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చునేది. మొదటి ఏడాది నోటి పరీక్షలో తప్పింది కూడా.

ఆ భయం పోగొట్టింది గోవర్ధనే. కారులో తను జర్మనీ నుంచి దిగిన దొరనని చెప్పి మెడ నిక్కించి కూర్చునేవాడు. ఆమె జర్మన్‌లో ఏదడిగినా "నైన్, నైన్" అని అడ్డంగా తల ఊపేవాడు. కాదు, కాదు అని. అతనికి వచ్చిన మాటల్లో అది ఒకటి, స్వాగతం చెప్పే మాట ఇంకొకటి. ఆ రెండోదాన్ని కారెక్కే జర్మన్ల మీద ప్రయోగించి, వాళ్లు ఆశ్చర్యపోతే ఇంటికొచ్చి ఆ సంగతి వారం రోజులు చెప్పేవాడు.

శివమ్మకూ నెమ్మదిగా అలవాటైంది. కోడలు వాకిట్లో కూర్చొని పైకి చదువుతుంటే తను చాటలో బియ్యం ఏరుకుంటూ వినేది.

"గా భాష గెట్లుంటదే బిడ్డా?" అని అడిగింది ఒకసారి.

"చాన మటుకు మన లెక్కనే అత్తమ్మా. పొడుగ్గ చెప్పుకుంట పోతరు, చెప్పుకుంట పోతరు, అసలు మాట ఆఖరికొస్తది. అందాక ఊపిరి పట్టుకొని వినాలె."

"మా కుర్మయ్య మాట్లాడినట్టు."

కుర్మయ్య శివమ్మ మరిది. అసలు మాట ఆఖరికైనా వస్తుందో రాదో తెలియని మనిషి. అత్తాకోడళ్లు చాలాసేపు నవ్వుకున్నారు. జర్మన్లు పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్కరోజు ముందు కూడా చెప్పరని, చెబితే కీడు జరుగుతుందని నమ్ముతారని విన్నప్పుడు శివమ్మకు వాళ్ల మీద మొదటిసారి గౌరవం కలిగింది. "అయితే వాళ్లకు గూడ దిష్టి భయం ఉన్నదన్నట్టు. మన అసొంటి మనుషులే," అంది.

స్వర్ణలత బి.ఏ. పూర్తి చేసి ఎం.ఏ.లో చేరింది. మొదటి ఏడాది గడవబోతుండగా ఒక మధ్యాహ్నం గోవర్ధన్ కారు ఆపుకొని, ఛాతీ పట్టుకొని సీటు మీద ఒరిగిపోయాడు. పక్క కారువాళ్లు దవాఖానకు చేర్చేలోపే అంతా అయిపోయింది.

శివమ్మ ఏడవలేదు. శవం దగ్గర కూర్చున్న ఆడవాళ్లు ఆమెను పట్టుకొని ఊపారు, కొడుకు మంచితనమంతా ఏకరువు పెట్టి ఏడ్పించడానికి చూశారు. ఆమె కంట్లో చుక్క రాలేదు. రాయి అయిపోయిందన్నారు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చుట్టాలంతా దూరంగా నిలబడి చూస్తారు. అది ముడితే పోయిన మనిషి మనసులో ఏ కొరతా లేదని అర్థం. ఆనాడు ఇంటి ముందు మటన్ కూర, గారెలు, ఉడికించిన గుడ్డు అన్నీ పెట్టారు. పొద్దెక్కింది. ఒక విమానం పోయింది, ఇంకో విమానం పోయింది. కాకి జాడ లేదు.

"ఏం మనాది పెట్టుకున్నడో పిల్లగాడు," అన్నది ఒక ముసలామె.

"మనాది కాదు నానీ," అన్నది పక్కింటి సలేహా. మిషను కుట్టే ఆమె, శివమ్మకు చెల్లెలి కన్నా ఎక్కువ. "విమానాలకు అడ్డమొస్తయని గక్కడ పటాకులు పేల్చి పిట్టలను బెదరగొడ్తరు. జీతాలిచ్చి మనుషులను పెట్టిండ్రు. కాకి ఏడికెళ్లొస్తది?"

ఇంకెక్కడ కాకులుంటాయని మగవాళ్లు తర్జనభర్జన పడ్డారు. గగన్‌పహాడ్‌లో కోళ్ల దుకాణాల వెనక ఎప్పుడూ ఉంటాయని సలేహా భర్త జిలానీ చెప్పాడు. అతని ఆటోలోనే ఆకును పళ్లెంలో పెట్టుకొని శివమ్మ, స్వర్ణలత, కుర్మయ్య ఎక్కారు. మిగతావాళ్లు బండ్ల మీద వెంట వచ్చారు. హైవే మీద లారీల మధ్య, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టుకొని, కాకుల కోసం వెతుక్కుంటూ పోయారు.

గగన్‌పహాడ్‌లో కాకులున్నాయి. మూతపడిన గోదాము గోడ మీద వరసగా కూర్చున్నాయి. కానీ కోళ్ల దుకాణం పక్కన పొద్దుటి నుంచీ తిని కడుపు నిండి ఉన్నాయి. ఆకును ఒక కన్నుతో చూసి, తల తిప్పుకొని ఇంకో కన్నుతో చూసి ఊరుకున్నాయి.

ఇక మాట ఇవ్వడమే మిగిలింది. కాకి ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో ఒకటి నోరు తెరిచి ఒప్పుకోవాలి. కుర్మయ్య ముందుకొచ్చి చేతులు జోడించాడు. "కొడుకా, నీ తల్లిని నా తల్లి లెక్క చూసుకుంట. ముట్టు." కాకి కదలలేదు. "ఏటేటా నీ పేరు మీద పదిమందికి అన్నం పెడత. ముట్టు బిడ్డా." కదలలేదు. ఎవరో మేకపోతును కోస్తామన్నారు. ఎవరో శ్రీశైలం పోయి వస్తామన్నారు.

అప్పుడు శివమ్మ నడిచి ఆకు దగ్గరకు వెళ్లింది.

"గోవర్ధనా, నీ పెండ్లాం సదువు ఆగనియ్య. ఎవరడ్డమొచ్చినా ఆగనియ్య. తిను బిడ్డా."

లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. గోడ మీది నుంచి ఒక కాకి దిగి, రెండు గంతులేసి, మాంసం ముక్క నోట కరుచుకొని లేచిపోయింది. ముట్టింది, ముట్టింది అని అందరూ అరిచారు. స్వర్ణలత అక్కడే రోడ్డు పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

నెల తిరిగాక శివమ్మే కోడలి సంచి తీసి దులిపి, అన్నం డబ్బా అందులో పెట్టి చేతికిచ్చింది. ఊరు ఊరుకుంటుందా? "మొగడు పోయి మొన్ననాయె, సంచి తగిలిచ్చుకొని బస్సెక్కింది," అన్నారు. "అత్త ఇంట్ల అంట్లు తోముతది, కోడలు దొరసాని సదువు సదువుతది," అన్నారు. శివమ్మ వినపడనట్టు నల్లా కింద బిందె పెట్టేది.

ఆ రెండో ఏడాదిలో ప్రతి విద్యార్థీ ఏదో ఒక విషయం పట్టుకొని పుస్తకమంత రాయాలి. చివర్న పరీక్షకుల ముందు నిలబడి, వాళ్లడిగినదానికల్లా జర్మన్‌లోనే జవాబు చెప్పాలి. స్వర్ణలత ఎంచుకున్నది పెద్ద యుద్ధం తర్వాత జర్మన్లు రాసుకున్న కథలు. ఆ కథల్లో భర్తలు పోయిన ఆడవాళ్లు.

"మొగోళ్లు యుద్ధంల పోయిండ్రు అత్తమ్మా. బాంబులు పడి ఊర్లకు ఊర్లు కూలినయ్. అప్పుడు ఆడోళ్లే బయటికొచ్చి వరుసల నిలబడి, ఒకరి చేతులకెళ్లి ఒకరు ఇటుకలందుకున్నరట. పాత సున్నం గీకి, మంచి ఇటుకలు వేరుచేసి, మళ్ల ఇండ్లు కట్టిండ్రట."

శివమ్మ చేతిలో పని ఆగింది. పెళ్లికి ముందు ఆమె కూడా ఇటుక బట్టీల్లో మోసిన మనిషే. "ఉత్త చేతులతోనే?"

"ఉత్త చేతులతోనే."

"చేతులు కోసుకపోతయి. ఉప్పు నీళ్లల్ల పెట్టుకుంటె సగం తగ్గుతది," అన్నది శివమ్మ, ఆ ఆడవాళ్లు ఊరి చివర ఎక్కడో ఉన్నట్టు. ఆ రోజు నుంచి వాళ్లేమయ్యారని కోడలిని అడుగుతూనే ఉండేది. ఎవరి కొడుకు తిరిగి వచ్చాడు, ఎవరి ఇల్లు లేచింది. స్వర్ణలత చదివిన కథలన్నీ సాయంత్రానికి శివమ్మ వాకిట్లోకి వచ్చేవి.

గోవర్ధన్ పోయి ఏడాది కావస్తోంది. అంతా సవ్యంగా పోతుందనుకుంటున్నప్పుడు కుర్మయ్య వచ్చాడు.

"వదినె, అయ్యగారు తిథి చూసిండు. పిల్లగాని ఏడాది వచ్చే శుక్రవారం పడ్డది. పదకొండింటికి పెట్టుకుందమన్నడు. చుట్టాలందరికి చెప్పిన. మటన్‌కు గూడ చెప్పిన."

చెంబుతో నీళ్లు తెస్తున్న స్వర్ణలత గడపలోనే ఆగిపోయింది. "శుక్రవారం నా పరీక్ష చిన్నమామా. పది గొట్టంగ లోపల ఉండాలె."

"మళ్ల పెట్టమని చెప్పు."

"పెట్టరు. జర్మనీకెళ్లి పెద్ద మేడం వస్తున్నది. శనివారం పొద్దుగాలనే మళ్లిపోతది. ఇది తప్పితే వచ్చే ఏడే."

"వచ్చే ఏడు రాయి. సదువు యాడికి పోదు. మొగని మొదటి ఏడాది మళ్లొస్తదా?" కుర్మయ్య గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట ఇంకా బరువుగా తగిలింది. "పెండ్లాం లేకుంట ఏడాది చేస్తే ఊళ్ల తలకాయ ఎత్తుకుంటనా నేను?"

స్వర్ణలత చెంబు కింద పెట్టింది. "సరే చిన్నమామా. పోను," అని లోపలికి వెళ్లింది. ఆమె పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి గుడ్డలో మూటకట్టి, అటక మీదకు ఎక్కించడం శివమ్మ వంటింట్లోంచి చూసింది.

మరుసటి రోజు శివమ్మ వెళ్లి సలేహా మిషను దగ్గర కూర్చుంది. సలేహా దారం కొరికి, అద్దాల మీది నుంచి చూసింది.

"ఏందక్కా, పరేషాన్‌ల ఉన్నవ్?"

శివమ్మ సంగతి చెప్పింది.

"మరి నువ్వు మాట ఇస్తివి గద?"

"ఇస్తి."

"అందరు ఇన్నరు. మా ఆయన గూడ ఇన్నడు. కుర్మయ్యన్న పక్కనే ఉండె."

"ఉండె. కాని ఏడాది గూడ నా కొడుకుదే సలేహా. ఏది ఇడుస్త?"

"రెండిట్ల దేన్నీ ఇడువకు. నేను పెండ్లికీ బారసాలకు ఒకే నాడు బట్టలిస్త. పొద్దుగాల లేస్తె ఏదైనా అయితది."

శివమ్మ అక్కడి నుంచి నేరుగా అయ్యగారింటికి వెళ్లింది. పంచాంగం గురించి ఆడమనిషి తనంతట తాను వచ్చి అడగడం ఆయనకు కొత్త. అయినా చూసి చెప్పాడు. తిథి తెల్లవారే సరికే వచ్చేస్తుంది. పొద్దు పొడిచినంక ఎప్పుడైనా పెట్టవచ్చు. పదకొండన్నది వచ్చే చుట్టాలకు వీలుగా ఉంటుందని చెప్పిన మాటే.

ఆ సాయంత్రం ఆమె కుర్మయ్య వాకిట్లో నిలబడింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి మరిది మాటకు ఎదురు చెప్పి ఎరగదు.

"పొద్దు పొడువంగనే పెడతం కుర్మయ్యా. నేను, కోడలు. పిట్టకు గగన్‌పహాడ్‌ల పెట్టి అటే పరీక్షకు పోతం."

"రోడ్డు మీద ఏడాది పెడతరా? ఇంటి ముందట పెట్టాలె వదినె."

"పోయినేడు ఇంటి ముందట ముట్టిందా?"

కుర్మయ్య మాట మార్చాడు. "పదకొండింటికి చుట్టాలొస్తరు. ఇంట్ల మీరిద్దరు లేకుంటె ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోనియ్యి. నేను వానికి మాట ఇచ్చిన."

"అది ఏడుపుల అన్న మాట. ఏడుపుల ఎన్నో అంటం. అన్నీ చేస్తమా?"

"నేను ఏడ్వలేదు కుర్మయ్యా," అన్నది శివమ్మ. "రాయి అయ్యిందని మీరే అన్నరు. ఏడ్సినోళ్లు ఏమన్నరో నాకు తెల్వదు. నేను సోయిలుండే, తెలిసే అన్న."

కుర్మయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే మీ ఇష్టమే కానియ్యిండ్రి. నేను మాత్రం రాను," అని లోపలికి పోయాడు.

శివమ్మ ఇంటికొచ్చి స్టూలు వేసుకొని అటకెక్కింది. మూట దించి కోడలి ముందు పెట్టింది. "దుమ్ము పట్టకముందు సదువుకో," అంది. స్వర్ణలత ఏదో అనబోతే, "నైన్," అన్నది. కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

శుక్రవారం తెల్లవారుతుండగానే వంట అయిపోయింది. కొడుకు ఫొటో ముందు దీపం పెట్టి, చెయ్యాల్సినవన్నీ చేసి, పొద్దు పొడిచేసరికి ఇద్దరూ జిలానీ ఆటోలో కూర్చున్నారు. శివమ్మ ఒళ్లో ఆకు, స్వర్ణలత ఒళ్లో కాగితాలు. గగన్‌పహాడ్‌లో అదే గోదాము పక్కన ఆటో ఆగింది. స్వర్ణలత నేల మీద నీళ్లు చల్లింది. శివమ్మ ఆకు పెట్టింది. గోడ మీద కాకులు లేవు. ఎక్కడో ఉన్నట్టు అరుపు మాత్రం వినపడుతోంది. స్వర్ణలత ఆకు వైపే చూస్తూ నిలబడిపోయింది.

శివమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "గోవర్ధనా, నీకు తీరినప్పుడు తిను బిడ్డా. మాకు టైం అయితున్నది," అని కోడలి రెక్క పట్టుకొని ఆటో ఎక్కించింది. వెనక్కి తిరిగి చూడలేదు. జిలానీ ముసిముసిగా నవ్వుతూ ఆరాంఘర్ దాకా ఎక్కడా ఆపకుండా నడిపి బస్సెక్కించాడు.

యూనివర్సిటీలో వసుంధర మేడం ఎదురొచ్చింది. ఆమె స్వర్ణలత రాతను మొదటి నుంచీ దిద్దిన మనిషి, విజయవాడ వైపు ఆమె. "మీరే వచ్చారా అమ్మా! చాలా సంతోషం. నా పక్కన కూర్చోండి, ఏం మాట్లాడుతున్నారో నేను చెబుతాను," అని లోపలికి తీసుకుపోయింది.

గదిలో పొడుగాటి బల్లలు. వాటి వెనక విద్యార్థులు, పంతుళ్లు. మధ్యలో జర్మనీ నుంచి వచ్చిన ప్రొఫెసరు. తెల్లజుట్టు చెవుల దాకా కత్తిరించుకున్న ఎత్తైన మనిషి. స్వర్ణలత ముందుకు వెళ్లి నిలబడి మొదలుపెట్టింది. రెండు ముక్కలు చెప్పిందో లేదో గొంతు పట్టేసింది. కొడుకు అంత కష్టపడి పోగొట్టిన భయం ఈరోజే తిరిగి వచ్చిందని శివమ్మకు అర్థమైంది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

స్వర్ణలత నీళ్లు తాగింది. బతుకమ్మ ఆడేటప్పుడు పాట చెప్పే ఆమె చరణం మరిచిపోతే సిగ్గుపడదు, మొదటి నుంచి ఎత్తుకుంటుంది. అట్లాగే ఆమె మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి ఆగలేదు. ఇటుకలందుకున్న ఆ ఆడవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు గదిలోకి వచ్చి నిలబడుతున్నారని, మాట తెలియకపోయినా శివమ్మకు తెలుస్తూనే ఉంది. వాళ్లంతా ఆమెకు ఏడాదిగా ఎరికైనవాళ్లే.

తర్వాత ప్రశ్నలు. తెల్లజుట్టు ఆమె కళ్లద్దాలు తీసి ఏదో అడిగింది.

"ఈ కథల్లో ఆడవాళ్లు ఎక్కడా ఏడవరు. రాసినవాళ్లు వాళ్ల దుఃఖాన్ని పట్టించుకోలేదేమో అంటున్నారమ్మా," అని వసుంధర మేడం చెవిలో చెప్పింది.

"నైన్," అన్నది స్వర్ణలత.

ఆ మాట శివమ్మకు తెలుసు. అంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషిని పట్టుకొని కాదనడమా! ఆ తెల్లజుట్టు ఆమె ముందుకు వంగి ఇంకేదో గట్టిగా అడిగింది. స్వర్ణలత మళ్లీ "నైన్" అని, ఈసారి ఆగకుండా చెప్పుకుంటూ పోయింది.

"ఏమంటున్నదమ్మా మా పిల్ల?"

"మీ గురించే చెబుతోంది. కొడుకు పోతే కన్నీరు పెట్టని ఒకామెతో ఏడాది పాటు ఒకే ఇంట్లో ఉన్నానంటోంది. ఆమె పొద్దున్నే లేచి నా అన్నం డబ్బా సర్దేది, దుఃఖం ఎక్కడుంటుందో నేను అక్కడ చూశాను అంటోంది. రాసినవాళ్లకు అది తెలుసు, మనమే కన్నీళ్ల కోసం వెతుకుతున్నాం అంటోంది."

"అయ్యో, అన్నం డబ్బ సంగతి గూడ చెప్పాల్నా?" అని శివమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంకా చాలాసేపు వాదన జరిగింది. చివరికి పరీక్షకులు తల దగ్గర తల పెట్టి మాట్లాడుకున్నారు. తెల్లజుట్టు ఆమె లేచి నిలబడి రెండు మాటలు చెప్పింది. ఆ వెంటనే గదిలో ఉన్నవాళ్లంతా పిడికిళ్లు బిగించి ఎదుటి బల్లల మీద కొట్టడం మొదలుపెట్టారు. టకటకా, టకటకా. విద్యార్థులు కొడుతున్నారు, పంతుళ్లు కొడుతున్నారు, ఆ తెల్లజుట్టు ఆమె అందరికన్నా గట్టిగా కొడుతోంది.

పంచాయితీలో పెద్దమనిషి బల్ల గుద్దాడంటే ఎదుటివాడి నోరు మూయించడానికే. శివమ్మ అదే చూసి పెరిగింది. ఆమె ఒక్క ఉదుటున లేచింది.

"ఆగుండ్రి! ఎందుకు గుద్దుతున్నరు? కాదన్నందుకా? పిల్ల మంచిగనే చెప్పింది గద! తప్పుంటే నోటితోటి చెప్పుండ్రి!"

బల్లల మీది పిడికిళ్లన్నీ ఆగిపోయాయి. తెలుగు తెలిసిన పిల్లలు నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు. వసుంధర మేడం ఆమె భుజం పట్టుకుంది.

"అమ్మా, అమ్మా, కోపం కాదు! జర్మనీ యూనివర్సిటీల్లో చప్పట్లు కొట్టరు, బాగుందనడానికి ఇట్లా బల్ల మీద కొడతారు. మీ స్వర్ణలత పాసయింది. డిపార్ట్‌మెంట్ మొత్తంలో అందరికంటే పై మార్కులు. అందుకే కొడుతున్నారు."

శివమ్మ అందరి ముఖాలూ చూసింది. ముందు నిలబడిన కోడలిని చూసింది. స్వర్ణలత ముఖమంతా తడిసి ఉంది, నవ్వుతోంది.

"గట్లనా? అయితే ఎందుకు ఆపిండ్రు?" అన్నది శివమ్మ. పిడికిలి బిగించి బల్ల మీద గుద్దింది. ఇటుకలు మోసిన చెయ్యి. బల్ల మీది నీళ్ల గ్లాసు గెంతింది. తెల్లజుట్టు ఆమె గట్టిగా నవ్వి తనూ గుద్దింది, ఆమె వెనక పిల్లలు, పంతుళ్లు. ఆ చప్పుడుకు పక్క గదుల వాళ్లు వచ్చి తలుపు దగ్గర మూగారు. శివమ్మ గుద్దుతూనే ఉంది. ఎప్పటి నుంచి వస్తున్నాయో, కన్నీళ్లు చెంపల మీది నుంచి బల్ల మీద పడుతున్నాయి. వాటిని తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఆపలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో స్వర్ణలత అత్త భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఫోను మోగింది. కుర్మయ్య.

"యాడున్నరు వదినె?"

"బస్సుల ఉన్నం. నువ్వేడున్నవ్?"

"మీ ఇంట్లనే. వచ్చినోళ్లకు ఆకులు ఎవరెయ్యాలె మరి?"

"రానంటివి గద."

"పొద్దుగాల రానన్న. పదకొండింటికి రానన్ననా?" కుర్మయ్య గొంతు సవరించుకున్నాడు. అటు పక్క గిన్నెల చప్పుడు, మనుషుల మాటలు. "అందరు అడుగుతున్నరు. కోడలు పిల్లది ఏమాయె? పాసైందా?"

"ఫస్టుల పాసైంది!" బస్సులో ముందు కూర్చున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. శివమ్మ గొంతు తగ్గించలేదు. "జర్మనీ మేడంకు ఎదురుగ నిలబడి కాదని చెప్పి పాసైంది. బల్లలు పగిలేటట్టు కొట్టిండ్రు."

"బల్లలెందుకు కొట్టిండ్రు?"

"ఇంటికొచ్చినంక అందరికి చెప్త. కూర మిగిలిందా?"

"బగోనె నిండ ఉన్నది."

"మా ఇద్దరికి తీసిపెట్టు కుర్మయ్యా," అన్నది శివమ్మ. "జర ఎక్కువనే పెట్టు. బాగ ఆకలైతున్నది."